విదేశంలో ఏనుగుల దగ్గర వాలంటీర్‌గా పనిచేయాలంటే: ఎక్కడ, ఎలా, ఏం చూసుకోవాలి

థాయిలాండ్‌లో ఏనుగుల దగ్గర వారం రోజులు పనిచేసి వచ్చిన దగ్గర్నుంచి శ్రీకాకుళంలో ఎవరు కనపడినా అవే నాలుగు ప్రశ్నలు. ఎంత ఖర్చవుతుంది, వీసా ఏంటి, వాళ్ళు జీతం ఇస్తారా, ఏనుగు ఎక్కనిస్తారా. ఒక్కొక్కరికీ ఫోన్లో గంట చెప్పడం, చెప్పాక ఏదో ఒకటి మరిచిపోయానే అనుకోవడం, ఇదంతా ఎందుకని మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఆఖరి రెండిటికీ జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. జీతం ఉండదు, మనమే డబ్బు కట్టి పనిచేయాలి. ఇక ఏనుగు ఎక్కనిస్తామనే చోటికి మీరు అసలు వెళ్ళకూడదు.

మాది హిరమండలం వైపు. ఒడిశా లఖారి అడవుల నుంచి దిగే ఏనుగులు మాకు కొత్త కాదు. మా చిన్నాన్న మొక్కజొన్న చేను ఒక్క రాత్రిలో చాప పరిచినట్టు పడిపోయింది. “ఇక్కడ డప్పులు కొట్టి తరుముతున్నాం, నువ్వేమో విమానమెక్కి పోయి డబ్బులిచ్చి దాని లద్దె ఎత్తుతావా” అని ఆయన అడిగితే కోపం రాలేదు. పంట పోయిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. కానీ 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు షాక్‌తో చనిపోయినప్పటి నుంచి నాకు ఒకటే అనిపించేది, ఇన్నేళ్ళుగా మన పొలాల్లో తిరుగుతున్న జంతువు గురించి మనకు తెలిసింది ఎంత అని. అందుకే వెళ్ళాను. మీరు ఏ కారణంతో వెళ్ళినా ఫరవాలేదు, కింద చెప్పినవి మాత్రం వరసగా చూసుకోండి.

ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి

- పాస్‌పోర్ట్, తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కనీసం 6 నెలలు గడువుండాలి
- కనీసం 7 రోజులు అక్కడ ఉండగలిగే సెలవు. ఒక్కరోజు వెళ్తే అది చూడటమే, పని కాదు
- ట్రావెల్ ఇన్సూరెన్స్ (దీని గురించి కింద చెప్తాను, జాగ్రత్తగా చదవండి)
- ఎండలో 3, 4 గంటలు వంగి లేచి పనిచేసే ఓపిక
- పాత బట్టలు, ముదురు రంగువి, నిండు చేతులవి. గమ్‌బూట్లు చాలాచోట్ల వాళ్ళే ఇస్తారు, మన కాలి సైజు ఉందో లేదో ముందే అడగండి
- టోపీ, టార్చ్, దోమల క్రీము, రోజూ వేసుకునే మందులు, వాటి చీటీ
- పనిలో వేసుకునే చేతి గ్లౌజులు, రెండు జతలు. మన హార్డ్‌వేర్ షాపులో దొరికేవే చాలు

ఇంగ్లీషు బాగా రాకపోతే ఎలా అని చాలామంది టెన్షన్ పడతారు. మావటీలకూ పెద్దగా రాదు. సైగలు, నవ్వు, నాలుగు మాటలు చాలు. వాళ్ళిచ్చే జాగ్రత్తల కాగితం మాత్రం అర్థం కావాలి, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగాలి.

1. చోటు ఎంచుకోవడం

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. మిగతావన్నీ డబ్బుతోనో ఓపికతోనో సర్దుకోవచ్చు, చోటు తప్పయితే మీ డబ్బు ఏనుగును కొట్టేవాడి జేబులోకి పోతుంది.

థాయిలాండ్‌లో 1989లో అడవుల్లో కలప కొట్టడం నిషేధించారు. దాంతో దుంగలు లాగే ఏనుగులకూ వాటి మావటీలకూ ఒక్కసారిగా పని పోయింది. తిండి పెట్టాలి కదా, అందుకని చాలామంది టూరిస్టుల దగ్గరికి తెచ్చారు. సవారీ, సర్కస్, బొమ్మలు గీయించడం అలా పెరిగాయి. ఏనుగు ఇవన్నీ ఇష్టపడి చేయదు. పిల్లప్పుడే తల్లి నుంచి విడదీసి, కట్టేసి, కొట్టి లొంగదీస్తారు. అక్కడ దాన్ని ఫాజాన్ అంటారు. వీపు మీద అంబారీ ఉన్న ఏ ఏనుగును చూసినా దాని వెనక ఇలాంటిదేదో ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు సవారీ చెడ్డదని అందరికీ తెలిసిపోయింది కాబట్టి బోర్డులు మారాయి. ప్రతి క్యాంపూ “శాంక్చురీ” అనే రాసుకుంటోంది. నేనూ మొదటిసారి అలాగే మోసపోయాను. ఒక ఏజెంట్ ద్వారా కట్టి వెళ్ళిన చోట మమ్మల్ని ఏరులోకి దింపి ఏనుగుకు స్నానం చేయించమన్నారు. మొదట సంతోషమేసింది. కాసేపటికి చూస్తే అదే ఏనుగు మాకు ముందు ఒక బ్యాచ్‌తో, మా తర్వాత ఇంకో బ్యాచ్‌తో అదే నీళ్ళలో పడుకుంటోంది. ఒడ్డుకొచ్చాక తల ఎడమకూ కుడికీ ఊపుతూ ఒకే చోట ఊగుతూ నిలబడింది. పక్కనున్నవాళ్ళు డాన్స్ చేస్తోందని వీడియో తీశారు. అది డాన్స్ కాదు. ఏళ్ళ తరబడి కట్టేసి ఉంచిన ఏనుగు మనసు దెబ్బతిని చేసే పని అది.

స్నానం మనకూ ప్రమాదమే. 2025 జనవరిలో థాయిలాండ్‌లోనే ఏనుగుకు స్నానం చేయిస్తున్న 22 ఏళ్ళ స్పెయిన్ అమ్మాయి ఆ ఏనుగు పొడవడంతో చనిపోయింది. మూడు, నాలుగు టన్నుల జంతువు పక్కన నీళ్ళలో నిలబడి ఉంటే తప్పుకోవడానికి చోటేదీ?

కాబట్టి చోటును కొలవడానికి నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను. మనుషులు వచ్చినప్పుడు ఏనుగుకు ఇష్టం లేకపోతే వెనక్కి తిరిగి వెళ్ళిపోయే వీలుందా? ఉంటే మంచి చోటు. లేకపోతే బోర్డు మీద ఏం రాసున్నా వదిలేయండి.

నాకు తెలిసిన మంచి ఉదాహరణలు కొన్ని. ఉత్తర థాయిలాండ్‌లో చియాంగ్ మై అనే ఊరి దగ్గర మే తాంగ్ లోయలో ఎలిఫెంట్ నేచర్ పార్క్ ఉంది, లేక్ చైలర్ట్ అనే ఆవిడ మొదలుపెట్టింది, వారం రోజుల వాలంటీర్ పని ఉంటుంది. థాయిలాండ్‌లోనే పెట్చబురిలో 2001 నుంచి నడుస్తున్న వైల్డ్‌లైఫ్ ఫ్రెండ్స్ ఫౌండేషన్‌లో ఏనుగులతో పాటు కోతులు, ఎలుగుబంట్లు కూడా ఉంటాయి. కంబోడియాలో మొండుల్కిరి అడవుల్లో ఎలిఫెంట్ వ్యాలీ ప్రాజెక్ట్ ఉంది. ఇవి పేరున్నవని కళ్ళు మూసుకుని కట్టేయకండి, మీరు వెళ్ళే నెలలో అక్కడ నియమాలు ఏమున్నాయో మీరే అడగండి.

వదిలేయాల్సిన గుర్తులు:

- సవారీ, పెయింటింగ్, ఫుట్‌బాల్, స్నానం, కౌగిలింత, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా వద్దు
- గున్నలు మరీ ఎక్కువగా ఉండటం, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పకపోవడం. కాపాడి తెచ్చిన చోట ముసలివీ కుంటివీ గుడ్డివీ ఎక్కువ ఉంటాయి, ముద్దొచ్చే గున్నలు కావు
- రోజూ టైమ్ ప్రకారం ఏదో ఒక “షో”
- ఎంతమంది వస్తామన్నా సరే రమ్మనడం

గొలుసు కనపడగానే చెడ్డ చోటని తీర్పు చెప్పేయకండి. రాత్రిపూట పక్క పొలాల్లోకి పోకుండా పొడవైన గొలుసు వేసే మంచి చోట్లూ ఉన్నాయి, చేను పక్కనే ఉంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పగలంతా అడుగు కదలనీయకుండా పొట్టి గొలుసు వేస్తే అది వేరే సంగతి.

2. ఉత్తరం రాసి అడగడం

డబ్బు కట్టే ముందు వాళ్ళకు నేరుగా మెయిల్ పెట్టండి, ఏజెంట్ ద్వారా కాదు. ఇవి అడగండి:

- వాలంటీర్ ఏనుగును ముట్టుకోవచ్చా? (“మీకు కావల్సినంత సేపు” అని జవాబొస్తే ఆగిపోండి)
- ఒక రోజులో నేను చేసే పనులేంటి, ఎన్ని గంటలు?
- ఏనుగులను ఎక్కడి నుంచి తెస్తారు, పిల్లలు పుట్టిస్తారా?
- పశువుల డాక్టర్ అక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా?
- నేను కట్టే డబ్బులో తిండి, గది, రవాణా ఉన్నాయా?
- ఏ వీసా మీద రావాలి?

ఆఖరి ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ప్రింట్ చేసి దగ్గర పెట్టుకోండి. జీతం లేకుండా చేసినా అది పనేనని చాలా దేశాల చట్టం అంటుంది. టూరిస్టుగా వెళ్ళి నెలల తరబడి పనిచేస్తే చిక్కులొస్తాయి. వారం రోజుల ప్రోగ్రాంకు ఏం సరిపోతుందో నడిపేవాళ్ళకు తెలిసి ఉండాలి, తెలియదంటే అదే ఒక హెచ్చరిక.

3. ఏ నెలలో వెళ్ళాలి

ఉత్తర థాయిలాండ్‌కు నవంబరు నుంచి జనవరి మంచిది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ చియాంగ్ మై మీద కమ్మేస్తుంది, ఆయాసం ఉన్నవాళ్ళు ఆ నెలలు అసలు పెట్టుకోవద్దు. జూన్ నుంచి అక్టోబరు వానలు. 2024 అక్టోబరులో మే తాంగ్ ఏరు పొంగి ఎలిఫెంట్ నేచర్ పార్క్ మునిగితే వందకు పైగా ఏనుగుల్ని ఎత్తైన చోటికి తరలించాల్సి వచ్చింది, రెండు ఏనుగులు కొట్టుకుపోయాయి. నాగావళి, వంశధార వరదలు చూసినవాళ్ళకు ఆ మాట చాలు. అయితే వానాకాలంలో వాలంటీర్లు తక్కువ వస్తారు కాబట్టి పనికి మనుషులు కావల్సింది అప్పుడే. బురదకు భయపడనివాళ్ళు జూన్, జులై చూసుకోవచ్చు.

4. పాస్‌పోర్ట్, వీసా, ఇన్సూరెన్స్

శ్రీకాకుళం, విజయనగరం రెండూ విశాఖ పాస్‌పోర్ట్ ఆఫీసు పరిధిలోకే వస్తాయి. మామూలు 36 పేజీల పాస్‌పోర్ట్‌కు 1500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2000. ఆధార్‌లో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉండి ఆగిపోయినవాళ్ళు మా చుట్టుపక్కలే ముగ్గురున్నారు.

థాయిలాండ్ 2024 జులైలో మన పాస్‌పోర్ట్‌కు వీసా లేకుండా 60 రోజులు ఉండనిస్తామంది. ఇలాంటివి ఎప్పుడైనా మారతాయి, టికెట్ తీసే రోజున వాళ్ళ ఎంబసీ పేజీలో చూసి అప్పుడే కట్టండి. 2025 మే 1 నుంచి అక్కడ దిగే ప్రతి విదేశీయుడూ టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, దిగే ముందు 3 రోజుల లోపు. అది ఉచితం. డబ్బు అడిగే సైట్ కనపడితే నకిలీది అనుకోండి. తిరుగు టికెట్, ఉండే చోటు చిరునామా, చేతిలో ఉన్న నగదు ఇమిగ్రేషన్‌లో అడగొచ్చు, ఫోన్‌లోనే కాక కాగితం మీదా పెట్టుకోండి.

ఇన్సూరెన్స్‌లో “జంతువులతో చేసే పనులు” మినహాయింపుల జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే ఆ పాలసీ వద్దు. తక్కువ ధరకు దొరికింది కదా అని తీసుకుని, కాలు విరిగాక చదువుకుంటే లాభం లేదు.

5. ఆరోగ్యం

వెళ్ళడానికి నెలన్నర ముందు డాక్టర్ దగ్గరకు వెళ్ళి ఏనుగుల దగ్గర పనిచేయబోతున్నానని చెప్పండి. ధనుర్వాతం ఇంజెక్షన్ తప్పదు. హెపటైటిస్ ఏ, టైఫాయిడ్, ముందుజాగ్రత్తగా రేబిస్, ఇవి మీకు అవసరమా అని అడగండి. ఇలాంటి చోట్ల కుక్కలూ పిల్లులూ చాలా ఉంటాయి.

ఎక్కువమందికి తెలియనిది ఒకటుంది. మన క్షయ ఏనుగుకు అంటుకుంటుంది, ఏనుగు నుంచి మళ్ళీ మనకు వస్తుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోకుండా బయల్దేరకండి. కొన్నిచోట్ల క్షయ పరీక్ష రిపోర్టు అడుగుతారు. మనం చిన్నప్పుడు బీసీజీ అనే క్షయ టీకా వేయించుకున్నవాళ్ళం కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ రావచ్చు, కంగారు పడకుండా ఎక్స్‌రే గానీ రక్తపరీక్ష గానీ సరిపోతుందా అని డాక్టర్‌నీ వాళ్ళనీ అడగండి.

6. ప్రయాణం, డబ్బు

ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ, అక్కడి నుంచి నేరుగా గానీ, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ మీదుగా గానీ బ్యాంకాక్. నేరు విమానాలు సీజన్‌ను బట్టి వస్తాయి, పోతాయి, రెండూ పోల్చి చూడండి. బ్యాంకాక్ నుంచి చియాంగ్ మై సుమారు 700 కిలోమీటర్లు. రాత్రి రైలు మంచిది, ఒక హోటల్ ఖర్చు కలిసొస్తుంది. 2023 నుంచి దూరప్రాంతపు ఉత్తర రైళ్ళు పాత హువా లంఫోంగ్ స్టేషన్ నుంచి కాకుండా క్రుంగ్ తేప్ అఫివత్ అనే కొత్త స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయి. పాతదానికి వెళ్ళి రైలు మిస్ చేసుకోకండి. అక్కడి టైమ్ మనకన్నా గంటన్నర ముందు.

అక్కడి డబ్బు బాత్, ఒకటికి రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య లెక్కేసుకోండి. వాలంటీర్ ఫీజు చూసి అమ్మో అనకండి, తిండీ గదీ అందులోనే ఉంటాయి, ఇంకా పెద్ద ఆసియా ఏనుగు రోజుకు 150 కిలోల దాకా తింటుంది. కొన్న మేతే అయితే ఆ ఖర్చెంతో పశువులున్న ఇళ్ళవాళ్ళకు చెప్పక్కర్లేదు.

భోజనం చాలాచోట్ల శాకాహారమే, అన్నం ఉంటుంది, కారం వేరుగా ఉంటుంది. ఆవకాయ తీసుకెళ్తే గట్టి సీసాలో, చెక్-ఇన్ పెట్టెలో. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే. మావటీలకు ఇవ్వడానికి పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర తీసుకెళ్ళాను, తాండ్ర ముక్క చేతిలో పెట్టుకుని వాసన చూసి, నవ్వి, ఇంటికి పట్టుకుపోతానని దాచుకున్నాడొకతను. ఇవి మనుషులకే. ఏనుగుకు మీ జేబులోంచి ఏదీ పెట్టకండి.

7. అక్కడ చేసే పని

మన జిల్లాలవాళ్ళకు ఇది తేలిక. కొడవలి పట్టినవాళ్ళం, పేడకళ్ళు ఎత్తినవాళ్ళం. నాతో ఉన్న కొందరు మొదటి రోజే చేతులు బొబ్బలెక్కి కూర్చున్నారు. అయినా గ్లౌజులు లేకుండా మొక్కజొన్న కొయ్యకండి, ఆకు అంచు వేలు కోసేస్తుంది.

*వంటిల్లు.* పొద్దున్నే లారీలో పుచ్చకాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు వస్తాయి. పుచ్చకాయలు తొట్లో వేసి బ్రష్షుతో రుద్ది కడగాలి, పైన మందు చల్లిన మరకలుంటాయి. ఒక్కో ఏనుగుకు ఒక్కో బుట్ట, బుట్ట మీద పేరు. కొలత మీరు మార్చకూడదు, పాపం ఆకలేస్తుందేమో అని ఇంకో గెల వేయకూడదు. ఒకదానికి అజీర్తి ఉంటుంది, ఇంకోదానికి పళ్ళు ఉండవు.

పళ్ళు ఉండకపోవడమంటే, ఏనుగుకు జీవితంలో నమిలే పళ్ళు ఆరు వరసలు వస్తాయి, ఒకటి అరిగిపోతే వెనక నుంచి ఇంకోటి ముందుకు జరుగుతుంది. ఆరోదీ అరిగిపోతే ఇక అడవిలో బతకడం కష్టం. అలాంటి ముసలి ఏనుగులకు మేం ముద్దలు చేశాం. జిగురన్నం, బాగా మగ్గిన అరటిపండు, పిండి కలిపి, బత్తాయికి రెండింతల సైజు. నా మొదటి ముద్దలు నీళ్ళెక్కువై జారిపోయాయి. ఆ ముసలిది తొండం కొసతో ఒక ముద్ద తీసుకుని, నేల మీద పెట్టి, కాస్త దొర్లించి, మట్టి అంటాక ఎత్తి నోట్లో వేసుకుంది. ఆసియా ఏనుగుకు తొండం చివర వేలులాంటిది ఒక్కటే ఉంటుంది, ఆఫ్రికా దానికి రెండు. ఆ ఒక్క వేలుతో మెత్తటి ముద్దను నలిపేయకుండా ఎలా పట్టుకుందో చూస్తూ నేను రెండోది అందించడం మరిచిపోయాను. మావటి నా ముద్ద పిండి చూపించి తల అడ్డంగా ఊపాడు. పిండి ఎక్కువ వేసి గట్టిగా చేశాక సరేనన్నాడు. చలిమిడి ఎంత గట్టిగా ఉంటుందో అంత.

*లద్దె ఎత్తడం.* అందరూ ముఖం చిట్లించే పని, నాకు ఎక్కువ నేర్పిందీ ఇదే. ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా అరగదు. ఉండ విరిచి చూడండి. లోపల పీచు పొట్టిగా, నలిగి ఉంటే పళ్ళు బాగున్నట్టు. పొడవాటి పీచులు, నలగని మొక్కజొన్న గింజలు అలాగే కనపడితే నమలలేకపోతోందన్నమాట, అది మావటికో డాక్టర్‌కో చూపించాలి. పల్చగా ఉన్నా, రోజూ ఉండే చోట అసలు కనపడకపోయినా వెంటనే చెప్పాలి. మీ పని సరిగ్గా జరిగిందా అని చూసుకునే మంచి పద్ధతి ఇదే. నిన్న మీరు కలిపిన తిండి ఇవాళ లద్దెలో ఎలా వచ్చిందో చూడండి.

*మేత కోయడం.* లారీ మీద పొలానికి వెళ్ళి మొక్కజొన్న చొప్ప కోసి మోపులు కట్టాలి. మోపు వేసే ముందు లోపల ప్లాస్టిక్ తాడు ముక్క గానీ తీగ గానీ ఉందేమో తడమండి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కట్టిన తాడు కోసి అక్కడే పడేస్తారు, అది మేతతో కలిసి కడుపులోకి పోతుంది. ఎన్ని మోపులు విప్పారో అన్ని తాళ్ళు చేతిలో ఉన్నాయో లెక్కపెట్టి అప్పగించండి.

8. ఏనుగు దగ్గర ఎలా మసలాలి

మావటి లేకుండా ఒక్క అడుగు కూడా దగ్గరికి వేయొద్దు, అది ఎంత సాధువైనా సరే. వెనక నుంచి వెళ్ళొద్దు, తల్లికీ గున్నకూ మధ్యలోకి అసలు వెళ్ళొద్దు. సెంటు రాసుకోవద్దు, జేబులో అరటిపండు ఉంచుకోవద్దు, ఫ్లాష్ వేయొద్దు.

చెవులు నెమ్మదిగా ఊపుతూ, తోక ఆడిస్తూ, మేస్తూ ఉంటే నెమ్మదిగా ఉన్నట్టు. ఊపుతున్న చెవులు ఒక్కసారి ఆగి చాటల్లా విచ్చుకున్నా, తోక కర్రలా లేచినా, మేత మానేసి కదలకుండా మీ వైపే నిలబడినా, మావటి చెప్పేదాకా ఆగకుండా చెట్టు వెనక్కో కంచె వెనక్కో పోవాలి. మగ ఏనుగు కణతల నుంచి నూనెలాంటి ద్రవం కారుతుంటే అది మదంలో ఉంది, దాని వైపు మావటీలే జాగ్రత్తగా పోతారు.

మావటిని నౌకరులా చూడకండి. వాళ్ళలో చాలామంది కరెన్ తెగవాళ్ళు, ఊరొదిలి ఏనుగుతోనే ఉంటారు. చేతిలో అంకుశం కనపడితే వెంటనే గొడవ పెట్టుకోకుండా, దాన్ని ఎలా వాడుతున్నారో ఒక రోజు చూసి, అప్పుడు నడిపేవాళ్ళను పక్కకు పిలిచి అడగండి. గాయం చేస్తున్నారంటే మాత్రం ఉండక్కర్లేదు, ఫీజు పోయినా సరే బయటికొచ్చేయండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు

ఫొటో కోసం పని ఆపడం. పక్కవాళ్ళు మోపులు మోస్తుంటే మనం ఫోన్ పట్టుకుని నిలబడితే వాళ్ళకూ కష్టం, మేత కోసం ఎదురుచూసే ఏనుగుకూ కష్టం.

ఏనుగు వెంట్రుక తేవడం. బయల్దేరే ముందు మా ఇంట్లోనే ఇద్దరు అడిగారు, పిల్లాడికి భయం పోవడానికి ఉంగరం చేయిస్తామని. తేవద్దు. ఆసియా ఏనుగు, అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం మొదటి జాబితాలో ఉంది, మన 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లోనూ ఉంది. దంతం, చర్మం, వెంట్రుక, ఏది పట్టుబడినా కేసే. అక్కడి సంతల్లో ఉంగరాలు బాహాటంగా అమ్ముతారు, ఆ మాట మన కస్టమ్స్ దగ్గర పనిచేయదు.

రెండు రోజులకే అలిసిపోయి గదిలో పడుకోవడం. మొదటి రోజు నుంచే ఉత్సాహంతో విరగబడి చేస్తే మూడో రోజుకు నడుము పట్టేస్తుంది. పొలం పనిలో ఎలాగో అలాగే, మొదట నెమ్మదిగా మొదలుపెట్టండి. నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగుతూ ఉండండి.

10. అంత ఖర్చు వద్దనుకుంటే

పాస్‌పోర్ట్ లేకపోయినా మథుర దగ్గర వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ వాళ్ళ ఏనుగుల కేంద్రం ఉంది, 2018లో దేశంలో మొదటి ఏనుగుల ఆసుపత్రి అక్కడే తెరిచారు, వాలంటీర్లను తీసుకుంటారు. పని చేయడం కుదరదు, ఊరికే చూసి నేర్చుకుంటామంటే శ్రీలంకలో ఉడవలవె ఎలిఫెంట్ ట్రాన్సిట్ హోమ్‌కు వెళ్ళండి. 1995 నుంచి తల్లిలేని గున్నల్ని పెంచి మళ్ళీ అడవిలో వదిలేస్తున్నారు. పాలు పట్టేటప్పుడు దూరంగా అరుగు మీద నిలబడి చూడాలి, ముట్టనివ్వరు. ముట్టనివ్వకపోవడమే దాని గొప్ప. మనిషికి అలవాటు పడిన గున్న అడవిలో బతకలేదు.

ఇక సీతంపేట, కొత్తూరు, కురుపాం, కొమరాడ వైపు ఉండేవాళ్ళకు వాలంటీర్ పని ఇంటి దగ్గరే ఉంది. గుంపు వచ్చిందని తెలియగానే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, ఆ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఫోన్లు పట్టుకుని వెంటపడే కుర్రాళ్ళను ఆపండి. ధాన్యం, బెల్లం, ఇప్పపువ్వు, సారా, వీటి వాసనకు ఏనుగు గోడ పగలగొట్టుకుని లోపలికి వస్తుంది, ఊరి చివరి ఇళ్ళలో నిల్వ ఉంటే ఆ కొద్ది రోజులు ఊరి మధ్య ఇంటికి మార్చండి. పంట పోతే తొక్కిన చేను దున్నేయకముందే ఫొటోలు తీసి నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టించండి, రాయడం రానివాళ్ళకు మీరే రాసిపెట్టండి. మా చిన్నాన్నది నేనే రాశాను. చేను చుట్టూ దొంగ కరెంటు తీగ ఎవరైనా లాగుతున్నట్టు కనపడితే ఆ సాయంత్రమే వెళ్ళి మాట్లాడండి, రాత్రి కానివ్వకండి.